ఐదెకరాల బత్తాయికి, మూడెకరాల పత్తికి మినీ ట్రాక్టర్: ఏ సదుపాయాలు అడగాలి, ఏ పనిముట్లు కొనాలి

మీరు చెప్పిన వివరాలను ముందుగా ఒకచోట చేర్చి రాస్తున్నాను. నల్గొండ జిల్లాలో మీకు తొమ్మిదెకరాల భూమి ఉంది. అందులో ఐదెకరాల ఎర్ర చెల్కలో ఆరు మీటర్లకు ఆరు మీటర్ల దూరంతో బత్తాయి నాటి మూడేళ్లయింది, డ్రిప్ ఉంది. మూడెకరాల నల్లరేగడిలో మూడడుగుల సాళ్లతో పత్తి వేస్తున్నారు, మిగిలిన ఎకరంలో కూరగాయలు. డీలరు 24 హెచ్‌పీ బండి ఒకటి, 28 హెచ్‌పీ బండి ఒకటి చూపించి, నాలుగున్నర అడుగుల రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు), తొమ్మిది పళ్ల గొర్రు, మూడు టన్నుల ట్రాలీ కలిపి ఒకే ధర చెప్పారు. టెక్సాస్‌లో ఉన్న మీ తమ్ముడు మాత్రం ముందు భాగాన లోడర్ (మట్టి, ఎరువు ఎత్తిపోసే బకెట్), హైడ్రోస్టాటిక్ గేరు ఉన్న బండి తీసుకోమంటున్నారు. వీటిలో ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై ఏళ్లకు పైగా ట్రాక్టర్ల మరమ్మతు చేశాను, పన్నెండేళ్లుగా సొంత బత్తాయి తోట చూసుకుంటున్నాను. ఆ రెండు అనుభవాల నుంచి నేను పాటించే పద్ధతి ఒక్కటే. బండి కొన్న తర్వాత బిగించలేని వాటిని ఆర్డరు రాసే రోజే అడగాలి. ఎప్పుడైనా కొనుక్కోగలిగిన వాటిని, కిరాయికి దొరికేవాటిని ఆ రోజు కొనకూడదు. డీలరు ప్యాకేజీ సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. రేపు కొన్నా దొరికే రోటవేటర్, ట్రాలీ ఈరోజే అంటగడతారు. క్లచ్ ఏ రకం, పీటీవో (ఇంజను శక్తితో రోటవేటర్, పంపు లాంటివాటిని తిప్పే షాఫ్టు) ఏ రకం, చక్రాల మధ్య దూరం ఎంత అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

చక్రాల మధ్య దూరంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ భూమికి అన్నిటికంటే ముఖ్యమైనది అదే. మీ పత్తి సాళ్లు మూడడుగులు, అంటే దాదాపు 90 సెంటీమీటర్లు. మినీ ట్రాక్టర్‌తో పత్తిలో అంతరకృషి, అంటే సాళ్ల మధ్య కలుపు తీసే దున్నకం, చేసేటప్పుడు ఒక సాలు బండి పొట్ట కింద నుంచి పోవాలి, రెండు వెనుక చక్రాలు దానికి అటూ ఇటూ ఉన్న సందుల నడిమధ్యన నడవాలి. అలా నడవాలంటే ఒక టైరు మధ్య నుంచి రెండో టైరు మధ్యకు సరిగ్గా 90 సెంటీమీటర్లు ఉండాలి. ఈ తరగతిలో సాధారణంగా వచ్చే 8.3 అంగుళాల టైరు వెడల్పు 21 సెంటీమీటర్లు కనుక, బండి బయటి అంచు నుంచి బయటి అంచుకు 111 సెంటీమీటర్లు వస్తుంది. ఇప్పుడు తోట సంగతి చూడండి. ఆరు మీటర్ల దూరంలో నాటిన బత్తాయి పూర్తిగా ఎదిగాక ఒక్కో చెట్టు కొమ్మలు నాలుగు, నాలుగున్నర మీటర్ల మేర విస్తరిస్తాయి. సాళ్ల మధ్య మిగిలేది మీటరున్నర నుంచి రెండు మీటర్లు. 111 సెంటీమీటర్ల బండి అందులో కొమ్మలు విరగ్గొట్టకుండా నడుస్తుంది. అందువల్ల షోరూముకు వెళ్లేటప్పుడు జేబులో టేపు పెట్టుకొని వెళ్లండి. వెనుక చక్రాల రిమ్ములు తిప్పి బిగిస్తే 90 సెంటీమీటర్లకు వస్తాయా, ముందు చక్రాలు కూడా అదే గీతలో నడుస్తాయా అని అక్కడే కొలవండి. కరపత్రంలో రాసి ఉన్న అంకె చాలదు. రిమ్ము ఎటు తిప్పి బిగించినప్పుడు ఆ అంకె వస్తుందో కరపత్రం చెప్పదు. బండి పొట్ట నేలకు అడుగు ఎత్తులో ఉంటే మోకాలెత్తు పత్తి వరకు పని జరుగుతుంది. ఆ తర్వాత ఏ మినీ ట్రాక్టరూ పత్తిలోకి పోదు, పోనివ్వకూడదు కూడా.

24 హెచ్‌పీనా 28 హెచ్‌పీనా అన్నది పై కొలత కుదిరాక చూడవలసిన విషయం. ఇంజను హెచ్‌పీ వేరు, పీటీవో దగ్గర చేతికందే హెచ్‌పీ వేరు. మధ్యలో గేర్లలో కొంత పోగా సుమారు 85 శాతం మిగులుతుంది. 24 హెచ్‌పీ బండిలో 20, 28 హెచ్‌పీ బండిలో దాదాపు 24 అనుకోండి. మీ పనికి 20 చాలు. అయితే 28 హెచ్‌పీ బండి కూడా అదే 111 సెంటీమీటర్లలో ఇమిడితే, ఐదారేళ్ల తర్వాత తోటకు గాలితో మందు చిమ్మే బ్లోయర్ స్ప్రేయర్ కొనే ఆలోచన మీకుంటే, ఆ నాలుగు హెచ్‌పీ అప్పుడు అక్కరకొస్తుంది. వెడల్పులో ఇమడకపోతే ఎన్ని హెచ్‌పీలున్నా మీకు పనికిరాదు. ట్రాక్టర్లను మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థలో పరీక్షిస్తారు. ఆ పరీక్ష నివేదికలో పీటీవో హెచ్‌పీ, వెనుక పనిముట్లను పైకి లేపే లిఫ్ట్ ఎత్తే బరువు అసలైన అంకెలతో ఉంటాయి. మీరు చూస్తున్న మోడల్ నివేదికను డీలరును అడగడంలో మొహమాటం అక్కరలేదు.

తర్వాతది క్లచ్. సింగిల్ క్లచ్ ఉన్న బండిలో కాలితో క్లచ్ నొక్కగానే బండీ ఆగుతుంది, పీటీవో కూడా ఆగుతుంది. రోటవేటర్ మడి మధ్యలో మట్టి ముద్దతో నిండిపోయినప్పుడు బండిని ఆపి, రోటవేటర్‌ను మాత్రం తిరగనివ్వాలి. మందు కొట్టేటప్పుడు చెట్టు దగ్గర బండి నిలిచి ఉండాలి, పంపు మాత్రం తిరుగుతూ ఉండాలి. డ్యుయల్ క్లచ్‌లో సగం నొక్కితే బండి ఆగుతుంది, పూర్తిగా నొక్కితే పీటీవో కూడా ఆగుతుంది. ఇండిపెండెంట్ పీటీవోలో దానికి వేరే లివరే ఉంటుంది, ఇది అన్నిటికంటే మేలు. ధర తేడా ఉన్నా ఇక్కడ వెనకాడకండి, ఎందుకంటే సింగిల్ క్లచ్ బండికి తర్వాత డ్యుయల్ క్లచ్ వేయించుకోవడమంటే బండిని రెండు ముక్కలుగా విడదీసి, సగం గేరుబాక్సు మార్చడమే. నా దగ్గరకు ఆ పని మీద వచ్చినవాళ్లందరికీ బండి అమ్మేసి వేరేది కొనుక్కొమ్మనే చెప్పాను.

మీ విషయంలో ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోవడమే మంచిది. తొమ్మిది వందల కిలోలకు అటూ ఇటూగా ఉండే తేలికైన బండికి నల్లరేగడిలో వాన పడిన మూడో రోజు పట్టు దొరకాలంటే నాలుగు చక్రాలూ లాగాలి. అయితే పొలం దాటి తారు రోడ్డు ఎక్కగానే ఫోర్ వీల్ లివరు తీసేయాలి, లేకపోతే ముందు టైర్లు ఏడాదిలో నున్నగా అరిగిపోతాయి. పవర్ స్టీరింగ్, నూనెలో మునిగి ఉండే బ్రేకులు ఇప్పుడు చాలా మోడళ్లలో కంపెనీ నుంచే వస్తున్నాయి, వాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అన్నిటికంటే తక్కువ వేగంతో నడిచే క్రీపర్ గేరు ఉంటే మందు కొట్టడానికి, ఎరువు పోయడానికి బాగుంటుంది. సాలు చివర ముందుకూ వెనక్కూ తిప్పడానికి గేరు మార్చకుండా ఒకే లివరుతో పని చేసే షటిల్ ఉంటే, తోటలో రోజుకు వంద మలుపులు తిప్పే డ్రైవరు మీకు రుణపడి ఉంటాడు.

ఇక్కడే మీ తమ్ముడి మాటకు సమాధానం చెప్పాలి. ఆయన చెప్పింది తప్పు కాదు, ఆయన ఉన్న చోటికి అది సరైన సలహానే. అక్కడ ఈ తరగతి ట్రాక్టర్‌ను ఎక్కువగా ఇంటి చుట్టూ ఉన్న గడ్డి కోయడానికి, మట్టి, కట్టెలు మోయడానికి కొంటారు. పది అడుగులు ముందుకు, పది అడుగులు వెనక్కు నడిచే పని కనుక కాలితో నొక్కితే చాలు ముందుకూ వెనక్కూ పోయే హైడ్రోస్టాటిక్ గేరు వాళ్లకు ఎంతో సుఖం. మీది రెండు మూడు వందల మీటర్ల సాలులో ఒకే వేగంతో నడిచే పని; దానికి హైడ్రోస్టాటిక్‌లో కొంత శక్తి వృథా అవుతుంది, పైగా అది పాడైతే బాగుచేసే మెకానిక్ కోసం హైదరాబాద్ దాకా పోవాల్సి రావచ్చు. లోడర్ సంగతీ అంతే. లోడర్ బరువు, అది ఎత్తే పెండ బరువు అంతా ముందు ఇరుసు మీదే పడుతుంది. దాన్ని సరితూచడానికి వెనుక మళ్లీ బరువు కట్టాలి. ఏడాదికి రెండు సార్లు పశువుల ఎరువు ఎత్తడానికి గంట కిరాయికి జేసీబీ దొరికే ఊళ్లో మినీ ట్రాక్టర్‌కు లోడర్ అక్కరలేదు. ఒకవేళ పదేళ్ల తర్వాత కావాలనిపించినా, హైడ్రాలిక్ నూనెను బయటికి ఇచ్చే డబుల్ యాక్టింగ్ వాల్వు కంపెనీ నుంచే ఉంటే అప్పుడు బిగించుకోవచ్చు. ఆ వాల్వును మాత్రం ఇప్పుడే అడగండి, ట్రాలీని ఎత్తి పోయడానికి కూడా అది కావాలి.

ఇప్పుడు రోటవేటర్. నాలుగున్నర అడుగులది వద్దు. నేను మొదటి మినీ ట్రాక్టర్ కొన్నప్పుడు డీలరు మాట విని పెద్ద రోటవేటర్ తీసుకున్నాను. ఎర్ర చెల్కలో వాన పడ్డాక బాగానే నడిచింది. ఎండిన నేలలో దించగానే ఇంజను మూలుగుతూ వేగం పడిపోయేది, నేను క్లచ్‌ను సగం నొక్కి పట్టుకొని లాగించేవాణ్ని. ఒక్క సీజన్‌లో క్లచ్ ప్లేటు మాడిపోయింది. గేరుబాక్సు విప్పినప్పుడు వచ్చిన వాసన ఇప్పటికీ గుర్తుంది. 20 పీటీవో హెచ్‌పీకి మూడున్నర అడుగులు సరిపోతుంది. అది కూడా ఒక పక్కకు జరిపి బిగించే ఏర్పాటు ఉన్నది తీసుకోండి. మూడున్నర అడుగులంటే 107 సెంటీమీటర్లు, మీ బండి 111. నడిమధ్యన బిగిస్తే రెండు పక్కలా టైరు జాడలో కొంత దున్నకుండా మిగులుతుంది. ఒక పక్కకు జరిపితే ఆ పక్క జాడ పూర్తిగా పోతుంది, రెండో పక్కది పక్క సాలులో తిరిగి వచ్చేటప్పుడు పోతుంది. పైగా జరిపిన వైపు కొమ్మల కిందికి కాస్త చొచ్చుకుపోయే వీలు దొరుకుతుంది. బ్లేడ్లు ఎల్ ఆకారంవి చాలు. బ్లేడ్లను తిప్పడానికి పక్కన చైన్ ఉన్నది కాక గేరు ఉన్నది అడగండి. చెల్కలో రాయి తగిలితే చైన్ తెగుతుంది.

కానీ బత్తాయిలో రోటవేటర్ ఎక్కువగా వాడవద్దనే నా సలహా. బత్తాయికి ఆహారం తీసుకునే సన్నని వేర్లు పైమట్టిలోనే పరుచుకొని ఉంటాయి. చెట్టు నాలుగో ఏడు దాటాక పాదుల్లో రోటవేటర్ దించితే వాటిని మీ చేత్తో మీరే నరికినట్లు అవుతుంది, తెగిన వేర్ల ద్వారా కుళ్లు కూడా పాకుతుంది. ఏటా అదే లోతులో తిప్పితే పైమట్టి పిండిలా అయి, దాని కింద గట్టి పొర ఏర్పడుతుంది, వాన నీరు అక్కడే ఆగిపోతుంది. డ్రిప్ పైపుల సంగతి వేరే చెప్పాలి. ఒకసారి సాలు చివర మలుపులో రోటవేటర్ ఎత్తడం ఒక్క క్షణం ఆలస్యమైంది. పదహారు మిల్లీమీటర్ల లాటరల్ పైపు బ్లేడ్ల చుట్టూ జడలా చుట్టుకుంది, ముప్పై మీటర్ల పైపు లాగేసుకున్నాక గానీ నేను ఆపలేకపోయాను. ఆ తర్వాత గంటన్నర రోటవేటర్ కింద వెల్లకిలా పడుకొని, రంపం బ్లేడుతో ఆ చుట్టలు కోశాను. అందువల్ల తోటకు రెండో సంవత్సరమైనా గడ్డి కోసే స్లాషర్ కొనండి. కలుపును దున్నకుండా నేల మట్టానికి కోసి అక్కడే వదిలేస్తే చెల్కలో తేమ నిలుస్తుంది, ఎండాకాలంలో మీకే తేడా తెలుస్తుంది.

గొర్రు తొమ్మిది పళ్లది 40 హెచ్‌పీ బండ్లకు. మీకు ఐదు పళ్ల స్ప్రింగ్ గొర్రు చాలు, పళ్లను చట్రం మీద అటూ ఇటూ జరిపి బిగించే రకం కావాలి. పత్తిలో అదే గొర్రుకు మూడు పళ్లు ఉంచి, సాలు మీద పడే పళ్లు తీసేస్తే అంతరకృషికి పనికొస్తుంది. ఊళ్లో కమ్మరి చేత అదే చట్రానికి గుంటక బ్లేడు చేయించుకోవచ్చు. షోరూములో కొనే దానికంటే మన మట్టికి తగినట్టు చేసి ఇస్తాడు. వేసవిలో లోతు దుక్కి మాత్రం మీ బండితో చేయవద్దు. నల్లరేగడిలో లోతుగా దున్నే నాగలిని లాగడానికి మినీ ట్రాక్టర్‌కు బరువూ లేదు, బలమూ లేదు. మూడెకరాలకు పెద్ద ట్రాక్టర్‌ను ఒక్కరోజు కిరాయికి పెట్టుకోవడమే చవక.

మందు కొట్టే యంత్రం దగ్గర కొంచెం ఆగి లెక్క వేద్దాం. ఎకరానికి 112 చెట్ల చొప్పున మీకు 560 చెట్లున్నాయి. ఇప్పుడు చెట్టుకు నాలుగు లీటర్లు అనుకున్నా ఒక్కసారి కొట్టడానికి 2,240 లీటర్ల ద్రావణం కావాలి. బండి వెనుక త్రీ పాయింట్ లింకేజీకి (లిఫ్ట్‌తో లేచే మూడు చేతుల కొక్కేనికి) తగిలించే 400 లీటర్ల ట్యాంకును చాలామంది చూపిస్తారు, లిఫ్ట్ 750 కిలోలు ఎత్తుతుంది కదా అంటారు. లిఫ్ట్ ఎత్తుతుంది, కానీ బండి ముందు భాగం కూడా లేస్తుంది. 400 లీటర్ల నీళ్లు, యంత్రం కలిపి సుమారు 600 కిలోలు; ఆ బరువు వెనుక ఇరుసుకు ఒక మీటరు వెనుక వేలాడుతుంది. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు మధ్య మీటరున్నర దూరం ఉన్న బండిలో ముందు చక్రాల మీది నుంచి 400 కిలోల బరువు తగ్గిపోతుంది. తొమ్మిది వందల కిలోల బండిలో ముందు చక్రాల మీద మొత్తం ఉండేదే 360 కిలోలు. అంటే గట్టు ఎక్కేదాకా కూడా అక్కరలేదు, లిఫ్ట్ లేపగానే ముందు చక్రాలు గాలిలో ఉంటాయి. బండి సొంత బరువులో కనీసం 20 శాతం ముందు చక్రాల మీద నిలవాలి, లేకపోతే స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. 200 లీటర్ల ట్యాంకు, యంత్రం కలిపి 350 కిలోలు అనుకుంటే 233 కిలోలు తగ్గి 127 మిగులుతుంది. బంపర్‌కు 80 కిలోల బరువు దిమ్మలు బిగిస్తే అది 228కి పెరుగుతుంది, అప్పుడు పర్వాలేదు. కానీ 200 లీటర్లతో 2,240 లీటర్లు కొట్టడమంటే పదకొండు సార్లకు పైగా బోరు దగ్గరకు పోయి రావాలి. అందుకే మీకు నా సూచన: సొంత చక్రాల మీద నడిచే 500 లీటర్ల ట్యాంకు, దానికి పీటీవోతో తిరుగుతూ ఎక్కువ ఒత్తిడితో మందు పంపే హెచ్‌టీపీ పంపు, రెండు పొడవైన గొట్టాలు, రెండు గన్నులు. బరువంతా దాని చక్రాలే మోస్తాయి, నాలుగైదు ట్యాంకులతో పని అయిపోతుంది. చెట్లు ఎదిగాక అదే ట్యాంకుకు బ్లోయర్ జత చేసుకోవచ్చు. ముందు బరువు దిమ్మలు మాత్రం ఎలాగూ అడగండి, రోటవేటర్ ఎత్తి మలుపు తిప్పేటప్పుడు కూడా అవి కావాలి.

మూడు టన్నుల ట్రాలీని ఆ బండి చదునైన రోడ్డు మీద లాగుతుంది. చెరువు కట్ట దిగేటప్పుడు మాత్రం నిండు ట్రాలీయే బండిని నెట్టుకుంటూ పోతుంది, తొమ్మిది వందల కిలోల బండి బ్రేకు దాన్ని ఆపలేదు. టన్నున్నర ట్రాలీ చాలు, దానికి వేరుగా రిజిస్ట్రేషన్, బీమా చేయించండి. పైకప్పు, నిలువు సైలెన్సర్ తోటలో కొమ్మలకు తగులుతాయి. పక్కకు లేదా కిందికి పోయే సైలెన్సర్, బండి బోల్తా పడితే డ్రైవరును కాపాడే, మడిచే రక్షణ చట్రం అడగండి. ఆ చట్రం నిలబెట్టి ఉన్నప్పుడు సీటు బెల్టు కట్టుకోండి, మడిచినప్పుడు కట్టుకోవద్దు. పాటల పెట్టె ఉచితంగా ఇస్తామంటే ఆ విలువకు ఒక జత దిమ్మలు ఇవ్వమని చెప్పండి.

ధర విషయంలో ఒక్క మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, టైర్ల మీదా విడిభాగాల మీదా కూడా 5 శాతమే. అందుకే ప్యాకేజీ ధర ఒకే అంకెగా కాక బండి, ఒక్కో పనిముట్టు, రిజిస్ట్రేషన్, బీమా విడివిడిగా రాయించి తీసుకోండి. యాంత్రీకరణ పథకం కింద చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు సాధారణంగా 50 శాతం వరకు, ఇతరులకు 40 శాతం వరకు పనిముట్ల మీద రాయితీ నిబంధనల్లో ఉంది. ప్రస్తుతం మీ మండలంలో దేనికి దరఖాస్తులు తీసుకుంటున్నారో కొనే ముందే వ్యవసాయ అధికారిని అడగండి, కొన్న తర్వాత బిల్లు పట్టుకొని వెళ్తే ప్రయోజనం ఉండకపోవచ్చు. నడపడం కొత్త అయితే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది, యంత్రాల మీద రైతులకు అక్కడ శిక్షణ ఇస్తారు.

బండి ఇంటికి వచ్చే రోజు డీలరు మెకానిక్‌ను పంపేయకుండా రోటవేటర్ పీటీవో షాఫ్టు దగ్గర ఆపండి. కొత్త షాఫ్టు అన్ని బండ్లకూ సరిపోయేలా పొడవుగా వస్తుంది, మినీ ట్రాక్టర్‌కు దాదాపు ఎప్పుడూ కోయాల్సిందే. లిఫ్ట్‌ను మెల్లగా పైకీ కిందికీ కదిలించి, షాఫ్టు అన్నిటికంటే పొట్టిగా అయ్యే చోటు చూసి, అక్కడ రెండు గొట్టాల చివర ఒక అంగుళం ఖాళీ ఉండేలా లోపలి గొట్టం, బయటి గొట్టం, వాటి మీది ప్లాస్టిక్ తొడుగులు సమానంగా కోయించండి. కోయకుండా నడిపితే లిఫ్ట్ ఎత్తిన మొదటి రోజే షాఫ్టు చివర గేరుబాక్సును పొడిచి సీలు పగులుతుంది. మరీ ఎక్కువ కోస్తే దించినప్పుడు గొట్టాలు ఒకదానిలోంచి ఒకటి ఊడిపోతాయి, కనుక అన్నిటికంటే పొడవైన చోట కూడా మూడో వంతు లోపలే ఉండాలి. బ్లేడ్లు ఇరుక్కున్నప్పుడు గేర్లు పాడవకుండా తామే తెగిపోయే షియర్ బోల్టులు నాలుగు అదనంగా తీసుకొని సీటు కింద పెట్టెలో వేయండి, ఆ బోల్టు తెగినప్పుడు దాని చోట గట్టి బోల్టు బిగించే డ్రైవర్లను నేను చాలామందిని చూశాను. ప్లాస్టిక్ తొడుగును మాత్రం ఎవరూ తీసేయకుండా చూడండి. పీటీవో నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. భుజం మీది తువ్వాలు కొస దానికి చిక్కితే చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు.